లోడు బండికి క్లచ్: గట్టి స్ప్రింగులా, పూర్తి సెట్టా?

సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి, సెమిలిగుడ సంతలకి మోటారు సైకిలు మీద బట్టల మూటలు, స్టీలు సామాను వేసుకెళ్ళే మనవాళ్ళు అడిగేది ఎప్పుడూ ఒకటే: "క్లచ్ ఆగట్లేదన్నా, హెవీ స్ప్రింగులు వేయించేయమంటావా?"

ముందు ఒకటి చూసుకోండి. లివరు పూర్తిగా వదిలేశాక టాప్ గేరులో ఇంజను అరుస్తూ స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. హెయిర్‌పిన్ వంపులో సగం లివరు మీద లాగించినప్పుడే కమురు వాసన వస్తే ప్లేట్లని మనమే కాలుస్తున్నట్టు. ఏది మేలన్నది నా లెక్కలో ఇక్కడే తేలిపోతుంది.

ప్లేట్లని నొక్కిపట్టేవి స్ప్రింగులే కాబట్టి, గట్టి స్ప్రింగులు మొదటి జబ్బుకే, అంటే జారడానికే మందు. స్ప్రింగు బలం 20 శాతం పెరిగితే పట్టూ అంతే పెరుగుతుంది, లివరు బరువూ దాదాపు అంతే. ఖర్చు తక్కువ, పని గంటలో అయిపోతుంది, కాదనను. కానీ హాఫ్ క్లచ్‌లో పుట్టే వేడిని అవి ఏమీ చేయలేవు. లివరు గట్టిబడితే వేళ్ళు నొప్పెట్టి మనిషి ఇంకా ఎక్కువసేపు సగంలోనే పట్టుకుంటాడు. కేబులు కూడా తొందరగా తెగుతుంది.

ఘాట్ బళ్ళ సైడ్ కవరు విప్పితే తరచూ కనిపించేది వేరు. స్టీలు ప్లేట్ల మీద వేడికి పడ్డ నీలం, నలుపు మచ్చలు. ఒకదాన్ని తీసి అద్దం పలక మీద పెట్టి వేలితో నొక్కండి, టకటకలాడితే వంగిపోయినట్టే. అలాంటిదాని మీద ఎంత గట్టి స్ప్రింగు వేసినా పట్టు సమానంగా రాదు. హౌసింగ్ (ప్లేట్లు కూర్చునే గిన్నె) గాడుల్లో గోరు తగులుకునేంత నొక్కులు పడితే ప్లేట్లు అక్కడే ఇరుక్కుంటాయి.

అందుకే నా ఓటు కంపెనీ సెట్టుకే. రాపిడి ప్లేట్లు, స్టీలు ప్లేట్లు, మామూలు స్ప్రింగులు, అన్నీ ఒకేసారి మార్చాలి. కొత్త ప్లేట్లని రాత్రంతా ఇంజనాయిల్‌లో నాననివ్వాలి. దాంతోపాటు ముందు స్ప్రాకెట్ (చెయిను తిప్పే పళ్ళచక్రం) ఒక పన్ను తగ్గించండి. 14 పళ్ళ చోట 13 వేస్తే అదే ఎత్తు ఎక్కడానికి క్లచ్ మీద పడే భారం 7 శాతం దాకా తగ్గుతుంది, లివరు త్వరగా వదిలేయొచ్చు. చదును రోడ్డు మీద ఇంజను కొంచెం ఎక్కువ అరుస్తుంది, పెట్రోలూ కాస్త ఎక్కువ తాగుతుంది. సంత సరుకు మోసే బండికి అదో లెక్కా?

ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (ఆయిల్‌లో మునిగే బైకు క్లచ్‌కి పనికొస్తుందనే గుర్తు) అని ఉండాలి. పెట్రోలు ఆదా చేస్తుందని చెప్పి అమ్మే కారు ఆయిల్ పోస్తే కొత్త ప్లేట్లు కూడా జారొచ్చు.

పేరులేని "హెవీ డ్యూటీ" ప్లేట్లు చౌకే, కానీ ఏ రెండు సెట్లూ ఒకలా ఉండవు. స్లిప్పర్ క్లచ్ గేరు దించేటప్పుడు వెనక చక్రం ఎగరకుండా చూసేది, మన లోడుకి దాంతో పనిలేదు.

ఇంజను బోరు పెంచి పవరు ఎక్కించుకున్న కుర్రాళ్ళకి మాత్రం గట్టి స్ప్రింగులే చెప్తాను. వాళ్ళ క్లచ్‌ని కంపెనీవాళ్ళు పాత ఇంజను బలానికి కొలిచి పెట్టారు మరి. వాటితోపాటే కొత్త కేబులు కూడా వేయించుకోవాలి.