దురాక్రమణ నేరం నోట్సు: కొనండి, 14వ పేజీ దిద్దుకుని చదవండి

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర జెరాక్సు షాపులో గ్రూప్-1 రాసేవాళ్ల కోసం పెట్టిన నోట్సు ఇది. 32 పేజీలు, స్పైరల్ బైండింగుతో 60 రూపాయలు. పక్క దేశం మీదికి యుద్ధానికి దిగిన నేతను ఏ కోర్టు బోనెక్కించాలన్నదే విషయం. దీనిమీద తెలుగులో దొరికేదే తక్కువ, అందుకే కొనమంటున్నాం.

ఎత్తుకోవడం చాలా బాగుంది. 1757లో బొబ్బిలి కోట మీద ఫిరంగి పేల్చిన సిపాయిదా తప్పు, ఫ్రెంచి సేనాని బుస్సీ పటాలాన్ని వెంటబెట్టుకొచ్చిన విజయరామరాజుదా అని అడుగుతారు. అప్పటి యుద్ధానికి ఇప్పటి చట్టం వర్తించదు. అయినా అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు మూలమైన రోమ్ శాసనంలోని 8 బిస్ (అంటే 8 తర్వాత చేర్చిన) అధికరణం ఈ ఒక్క ప్రశ్నతో బుర్రకెక్కుతుంది: దేశపు సైన్యాన్నో రాజకీయాన్నో నడిపించే స్థాయిలో ఉన్నవాడే ఇందులో ముద్దాయి, సిపాయి కాదు. దండయాత్ర, బాంబుదాడి, రేవుల దిగ్బంధం వగైరా ఏడు చర్యల పట్టిక కూడా సరిగ్గానే ఉంది.

చిక్కంతా 14వ పేజీలో. 2018 జులై 17 నుంచి అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు ఈ నేరం మీద అధికారం వచ్చింది కాబట్టి ఇక ఎవరినైనా విచారించొచ్చని రాసేశారు. అది తప్పు. శాసనంలో చేరని దేశపు పౌరులు చేసినా, ఆ దేశపు గడ్డ మీద జరిగినా 15 బిస్ (5) కోర్టు చేతులు కట్టేస్తుంది. ఉక్రెయిన్ మీద దండెత్తిన రష్యా ఆ శాసనంలో చేరలేదు. ఐరాస భద్రతా మండలి కేసు పంపితే తీసుకోవచ్చు గానీ అక్కడ రష్యాకు వీటో ఉంది. 2023 మార్చిలో పుతిన్ మీద వచ్చిన వారంటు పిల్లల్ని అక్రమంగా తరలించినందుకు, దురాక్రమణకు కాదు.

ఈ కంత పూడ్చడానికే ఐరోపా దేశాల మానవ హక్కుల కూటమి కౌన్సిల్ ఆఫ్ యూరప్, ఉక్రెయిన్ కలిసి 2025 జూన్ 25న స్ట్రాస్‌బర్గ్‌లో ప్రత్యేక ట్రిబ్యునల్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అంత ముఖ్యమైనదానికి నోట్సులో రెండే లైన్లు. దేశాధ్యక్షుడు, ప్రధాని, విదేశాంగ మంత్రి పదవిలో ఉన్నంతకాలం వాళ్ల మీద కేసు ముందుకు కదలదన్న మెలిక ఊసే లేదు. యుద్ధానికి ఆజ్ఞ ఇచ్చేది వాళ్లే కదా! ఈ ట్రిబ్యునల్ కావాలని గట్టిగా కోరుకునే మాకు అన్నిటికన్నా బాధ కలిగించే లోటు ఇదే.

కొనేటప్పుడు 9వ పేజీ ఎడమ అంచు చూడండి. కొన్ని కాపీల్లో బైండింగు రంధ్రాలు అధికరణాల పేర్లను తినేసి, 15 బిస్, 15 టెర్ రెండూ ఉత్త ‘15’గా మిగిలాయి. సభ్యదేశం పంపినా ప్రాసిక్యూటర్ సొంతంగా మొదలెట్టినా బిస్, భద్రతా మండలి పంపితే టెర్. పెన్నుతో రాసుకోండి, లేదా కాపీ మార్చి ఇమ్మనండి.