బొనేర్ దీవిలో డైవింగ్: 8 ఏళ్లలో 5 ట్రిప్పులు చేశాక

కరేబియన్‌లో స్కూబా డైవింగ్‌కి, అంటే వీపున గాలి ట్యాంకుతో నీళ్ల లోపల ఈదడానికి, ఎక్కడికి వెళ్లాలని ఎవరు అడిగినా నేను చెప్పే పేరు ఒక్కటే, బొనేర్. వెనెజులాకి ఉత్తరాన, నెదర్లాండ్స్ పాలనలో ఉన్న చిన్న దీవి. 2016లో మొదటిసారి వెళ్లాం, చివరిగా 2024లో. మొత్తం ఐదు ట్రిప్పులు. ప్రతిసారీ మా ఆవిడా నేనూ, రెండు సార్లు మా బావమరిది కూడా వచ్చాడు. అక్కడ నేను చేసిన డైవ్‌లే నూరు దాటాయి. కాబట్టి ఒక వారం చూసి మురిసిపోయి రాస్తున్నది కాదిది, అక్కడ నచ్చినవీ, బాధపెట్టినవీ, డబ్బు వృథా అయినవీ అన్నీ చెబుతాను.

ముందు ఆ దీవి ప్రత్యేకత చెప్పాలి. మిగతా చోట్ల డైవింగ్ అంటే పొద్దున్నే పడవ దగ్గరికి పరుగు, పదిహేను మందితో కలిసి నీళ్లలోకి దూకడం, గైడ్ ఎటు తీసుకెళ్తే అటు వెళ్లి, పైకి రమ్మన్నప్పుడు రావడం. బొనేర్‌లో మనకి ఒక పికప్ ట్రక్ ఇస్తారు. వెనకాల ట్యాంకులు పేర్చుకుని సముద్రం పక్కనే ఉన్న రోడ్డు మీద వెళ్తుంటే, ప్రతి డైవ్ సైటు దగ్గరా పసుపు రంగు వేసిన రాయి మీద దాని పేరు రాసి ఉంటుంది. నచ్చిన చోట ఆగి, గేర్ తగిలించుకుని, ఒడ్డు నుంచి నడుచుకుంటూ నీళ్లలోకి దిగిపోవడమే. గాలి ఎప్పుడూ తూర్పు నుంచి వీస్తుంది కాబట్టి పడమటి ఒడ్డు చెరువులా ఉంటుంది. కాసేపు ఈదితే చాలు, పది మీటర్ల లోతులో పగడపు దిబ్బ అంచు కనిపిస్తుంది, అక్కడి నుంచి అది కిందికి వాలుగా దిగుతుంది. నీళ్లు ఏడాది పొడుగునా 26 నుంచి 29 డిగ్రీల మధ్య ఉంటాయి. తుఫాన్లు సాధారణంగా తిరిగే దారికి దక్షిణంగా ఉండటం వల్ల సెప్టెంబర్, అక్టోబర్‌లలో కూడా ఎక్కువ టెన్షన్ లేకుండా టిక్కెట్లు తీసుకోవచ్చు.

అయితే ఈ స్వేచ్ఛకి తగ్గ బాధ్యత మన మీదే ఉంటుంది, పక్కన గైడ్ ఉండడు. ట్యాంకులో గాలి ఎంత మిగిలింది, కరెంటు (నీటి ప్రవాహం) ఎటు లాగుతోంది, తిరిగి ఎక్కడ పైకి రావాలి, ఇవన్నీ మనం, మనతో జతగా దిగే బడ్డీ చూసుకోవాలి. డైవింగ్‌లో మొదటి మెట్టైన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ నిన్ననే తీసుకున్న ఇద్దరు మాత్రమే వెళ్తే మొదటి రెండు రోజులు గైడ్‌ని పెట్టుకోండి, ఆ డబ్బు దగ్గర వెనకాడకండి. మేం పాటించే పద్ధతి ఒకటి ఉంది. దిగగానే ముందు కరెంటుకి ఎదురుగా వెళ్తాం, ట్యాంకులో మూడో వంతు అయిపోగానే వెనక్కి తిరుగుతాం, అప్పుడు కరెంటే మనల్ని ట్రక్ దగ్గరికి తెచ్చేస్తుంది. దిబ్బ అంచు దాటి కిందికి దిగేముందు వెనక్కి తిరిగి, అక్కడ ఉన్న ఏదో ఒక స్పాంజినో, పడి ఉన్న బండనో గుర్తు పెట్టుకుంటాం.

మొదటి ట్రిప్పులో చేసిన పెద్ద తప్పు ఏడు రాత్రులకే బుక్ చేయడం. అమెరికాలోని హ్యూస్టన్ నుంచి శనివారం నేరుగా ఫ్లైటు ఉంది కదా, శనివారం నుంచి శనివారం సరిపోతుందనుకున్నాం. కానీ వెళ్లగానే మెరైన్ పార్క్ రూల్స్ వినాలి, ఆ తర్వాత ఒడ్డు దగ్గరే గేర్ అంతా సరిగ్గా ఉందో లేదో చూసుకునే ఒక చెక్ డైవ్ చేయాలి. చివరి రోజేమో వరుస డైవ్‌ల తర్వాత విమానం ఎక్కాలంటే, ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోవడానికి కనీసం 18 గంటలు ఆగాలి, మేమైతే 24 గంటలు ఆగుతాం. అంటే ఏడు రాత్రుల్లో నిండుగా దొరికేది ఐదు రోజులే. అందులో ఒకరికి జలుబు చేసిందంటే ఇక అంతే. 2018లో నాకు రోజుకి నాలుగు డైవ్‌ల చొప్పున మూడు రోజులు చేసేసరికి చెవిలో ఇన్ఫెక్షన్ వచ్చి రెండు రోజులు ఒడ్డునే కూర్చోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి డైవ్ తర్వాత మంచినీళ్లతో చెవులు కడుక్కుంటున్నాను, రోజుకి మూడు డైవ్‌లు దాటడం లేదు. పది రాత్రులు పెట్టుకుంటే మనశ్శాంతిగా ఉంటుంది.

ఖర్చుల్లో మర్చిపోకూడనివి రెండున్నాయి. దీవిలోకి వచ్చే సందర్శకులు పెద్దవాళ్లయితే 75 డాలర్ల ఎంట్రీ ట్యాక్స్ కట్టాలి, ఇది 2022 జూలై నుంచి ఉంది. నీళ్లలో దిగడానికి నేచర్ ఫీజు వేరే 40 డాలర్లు, అది ఆ క్యాలెండర్ సంవత్సరానికంతా పనిచేస్తుంది. మేం మొదటిసారి వెళ్లినప్పుడు ఆ ఫీజు 25 ఉండేది. నాకు ఈ డబ్బు కట్టడం ఇష్టమే. 1979 నుంచి దీవి చుట్టూ 60 మీటర్ల లోతు వరకు మొత్తం మెరైన్ పార్కే. బాణంతో చేపలు కొట్టడం 1971లోనే ఆపేశారు. చేతులకి గ్లోవ్స్ వేసుకోనివ్వరు, వేసుకుంటే దేన్నో ఒకదాన్ని పట్టుకోవాలనిపిస్తుంది కాబట్టి. పగడాలకి హాని చేసే ఆక్సిబెంజోన్ అనే రసాయనం ఉన్న సన్‌స్క్రీన్లు అక్కడ అమ్మరు, మీ పెట్టెలో కూడా పెట్టుకోకండి. పొడుగు చేతుల రాష్ గార్డ్ (ఈత చొక్కా) వేసుకుంటే అసలు ఆ అవసరమే ఉండదు.

గేర్ సంగతి. మొదటి రెండు సార్లు అద్దెకి తీసుకున్నాం. ఒక షాపు ఇచ్చిన రెగ్యులేటర్ (ట్యాంకులో గాలిని నోటికి అందించేది) నీళ్లలో దిగగానే బుడగలు వదలడం మొదలుపెట్టింది, మార్చి ఇచ్చారు గానీ సగం రోజు పోయింది. తర్వాత మాస్క్, డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం చూపించేది), రెగ్యులేటర్ సొంతవి కొనుక్కున్నాం. బీసీడీ (నీళ్లలో తేలడాన్ని అదుపు చేసే గాలి కోటు), ఫిన్స్ (పాదాలకి తొడిగే రెక్కలు) బరువు మోయడం దండగ, అవి అక్కడే తీసుకుంటాం. ఒక్కటి మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి, గట్టి అడుగు ఉన్న బూట్లు. ఒడ్డంతా విరిగిన పగడాలు, గరుకు రాళ్లే, మధ్యలో సీ అర్చిన్ అనే జీవుల ముళ్లు. పలచటి బూట్లతో దిగితే డైవ్ కన్నా దిగడమే కష్టమవుతుంది. నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ పాళ్లలో ఉన్న గాలి) సర్టిఫికెట్ ఇంటి దగ్గరే చేసుకుని వెళ్లండి, రోజుకి మూడు డైవ్‌లు చేసేవాళ్లకి అది నిజంగా పనికొస్తుంది.

ట్రక్‌లో ఏమీ ఉంచకూడదని అందరూ చెబుతారు, మేమూ విన్నాం. అయినా 2019లో దక్షిణం వైపు ఒక సైట్ దగ్గర మా బావమరిది సీటు కింద బ్యాగు పెట్టి వచ్చాడు. నలభై ఐదు నిమిషాల తర్వాత పైకి వచ్చేసరికి ఫోను, పర్సు లేవు. అందుకే అక్కడివాళ్లు అద్దాలు దింపి, తాళం వేయకుండా వదిలేస్తారు, లోపల ఏమీ లేదని చూడగానే తెలియాలి. పాస్‌పోర్టులు, ఫోన్లు గదిలోనే పెట్టి, ట్రక్ తాళంచెవి బీసీడీ జేబులో వేసుకుని దిగండి. ఎలక్ట్రానిక్ తాళం కాకుండా మామూలు ఇనప తాళంచెవి ఉన్న బండి అడిగి తీసుకోవాలి.

ఇక సైట్లు. సాల్ట్ పియర్ దగ్గరికి నేను ప్రతి ట్రిప్పులో కనీసం మూడు సార్లు వెళ్తాను. ఉప్పు ఓడల్లోకి ఎక్కించే వంతెన అది, కింద ఇనప స్తంభాల మీద నారింజ, ఊదా రంగు స్పాంజిలు దట్టంగా పట్టి ఉంటాయి. పొద్దున తొమ్మిదింటికి ఆ స్తంభాల మధ్య నుంచి ఎండ ఏటవాలుగా దిగుతుంటే గుడి మండపంలో నిలబడినట్టు ఉంటుంది. ఓడ ఆగి ఉంటే మాత్రం దిగనివ్వరు, ముందే కనుక్కోండి. హిల్మా హూకర్ అనే ఓడ 1984 సెప్టెంబర్ 12న మునిగింది, లోపల గంజాయి దొరకడంతో పట్టుకుని ఆపి ఉంచిన ఓడ అది, 30 మీటర్ల దగ్గర పక్కకి ఒరిగి పడి ఉంది. ఓపెన్ వాటర్ తర్వాతి మెట్టైన అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ లేకుండా అటు వెళ్లకండి. థౌజండ్ స్టెప్స్‌కి పేరు వెయ్యి గానీ మెట్లు డెబ్బై దగ్గర ఉంటాయి, పదిహేను కిలోల ట్యాంకుతో పైకి ఎక్కేటప్పుడు ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది.

రాత్రి డైవ్‌లలో ఒకటి చెప్పకపోతే ఉండలేను. పౌర్ణమి వెళ్లిన రెండు రోజుల నుంచి నాలుగైదు రాత్రుల దాకా, పొద్దు గుంకిన ముప్పావుగంట తర్వాత, చంద్రుడు రాకముందు నీళ్లలో లైట్లు ఆర్పేసి ఉండాలి. ఆస్ట్రకాడ్ అనే నలకంత జీవులు నీలం చుక్కలు వదులుతూ పైకి పోతాయి, చుట్టూ సీరియల్ బల్బుల దండలు వేలాడదీసినట్టు. మా ఆవిడ అది చూసిన రాత్రి పైకి వచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు మేం తేదీలు చూసుకునేది పౌర్ణమిని బట్టే.

బాధ పెట్టిన విషయం కూడా చెప్పాలి. కార్పాటా అనే సైట్లో పన్నెండు మీటర్ల దగ్గర రుబ్బురోలంత బ్రెయిన్ కోరల్ (మెదడులా ముడతలు పడి ఉండే పగడం) ఒకటి ఉండేది. 2016 నుంచి ప్రతి ట్రిప్పులో మా ఆవిడ అక్కడ ఆగి దాన్ని చూసుకుని గానీ ముందుకి వచ్చేది కాదు. 2023లో దీవిలో స్టోనీ కోరల్ టిష్యూ లాస్ అనే పగడాల జబ్బు బయటపడింది, అదే ఏడాది కరేబియన్ అంతటా నీళ్లు వేడెక్కి పగడాలు తెల్లబడ్డాయి. 2024లో మేం వెళ్లేసరికి ఆ పగడం మీద నాచు పట్టి ఉంది. చేపలు ఇంకా ఉన్నాయి, తాబేళ్లు ఉన్నాయి, స్పాంజిలు బాగున్నాయి, కొత్తగా వెళ్లేవాళ్లకి ఇప్పటికీ అద్భుతంగానే అనిపిస్తుంది. పాతది చూసిన మాకే తేడా తెలుస్తోంది. ఆ జబ్బు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పాకకుండా గేర్‌ని డిసిన్ఫెక్ట్ చేయమంటే బద్ధకించకుండా ప్రతిరోజూ చేయండి.

తిండికి ఇబ్బంది లేదు. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుని, రైస్ కుక్కర్, కందిపొడి, గోంగూర పచ్చడి పట్టుకెళ్తాం. కూరగాయలు దీవి రాజధాని క్రాలెండైక్‌లోని సూపర్‌మార్కెట్లో దొరుకుతాయి, ధర ఎక్కువే. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు. ఇండియా నుంచి ఒక్క వారం కోసం ఇంత దూరం రావద్దనే నా సలహా, అండమాన్‌లో హావ్‌లాక్ చూసి, యాభై డైవ్‌లు పూర్తయ్యాక రెండు వారాలు పెట్టుకుని ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా రండి.

ఇన్నేళ్లూ మా అమ్మాయిని అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లేవాళ్లం. మొన్న వేసవిలో తనకి కూడా ఓపెన్ వాటర్ అయిపోయింది. వచ్చే ట్రిప్పుకి పదకొండు రాత్రులు బుక్ చేశాం, పౌర్ణమి మూడో రోజున పడుతుంది. వాళ్ల అమ్మే తనకి బడ్డీ.