డిగ్రీ కాలేజీలో చేర్చేముందు బీరువా సంగతి అడగండి

మా ఇద్దరు పిల్లలూ ఒకే ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చదివారు. పాప 2019లో చేరి 2022లో బయటికొచ్చింది. అదే ఏడాది బాబు చేరాడు, వాడిది 2025లో అయింది. శ్రీకాకుళం పొలిమేరలో ఉంటుంది ఆ కాలేజీ. పేరు రాయను. రాస్తే ఆ ఒక్కదాని మీదే పడతారు, పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టి తాళం వేసుకునే బీరువా మాత్రం చాలా కాలేజీల్లో ఉంది.

ఏ గ్రూపులున్నాయి, సీటెలా వస్తుంది, ఏ కాగితాలు కావాలి అన్నవి ఇక్కడ రాయడం దండగ. ఇంటర్ రిజల్టు వచ్చిన వారంలో అవన్నీ మీ గుమ్మంలోకే వస్తాయి. ఒక బండి మీద ఇద్దరు లెక్చరర్లు, చేతిలో ఊళ్లో పాసైన పిల్లల లిస్టు. పాపం, వాళ్లకి ఎండాకాలం సెలవులుండవు, అడ్మిషన్లు తెస్తేనే జూన్లో ఉద్యోగం. నాది నరసన్నపేటలో టైలరింగ్ షాపు. 2022లో బాబు కోసం వచ్చినాయన షాపులోనే కూర్చుని టీ తాగుతూ, "ఆన్‌లైన్ దరఖాస్తు మేమే పెట్టేస్తాం, వెబ్ ఆప్షన్లూ మేమే ఇచ్చేస్తాం, ఫోనుకి ఓటీపీ వస్తాది, అది చెప్పండి చాలు" అన్నాడు. నేను జాకెట్టుకి చెయ్యి కలుపుతున్నాను. మిషను ఆపకుండానే ఆరంకెలూ చదివేశాను. ఆప్షన్లలో వాళ్ల కాలేజీ ఒక్కటే పెట్టారని తర్వాత తెలిసింది. పెట్టినా నాకు అభ్యంతరం లేదు, మేమూ అదే అనుకున్నాం గాని, ఓటీపీ చెప్పేయడమంటే సంతకం పెట్టేయడమేనని అప్పుడు తోచలేదు.

ఓటీపీతో పాటు ఇంకోటి కూడా ఇచ్చాను. ప్లాస్టిక్ ఫైలులో బాబు టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, స్టడీలు, కులం సర్టిఫికెట్టు, అన్నీ ఒరిజినల్సే. "ఆఫీసులో భద్రంగా ఉంటాయి" అన్నాడాయన. పాపవి కూడా అలాగే ఇచ్చాను, మూడేళ్ల తర్వాత అలాగే వచ్చేశాయి. కాబట్టి అనుమానం రాలేదు.

పాప విషయంలో ఈ కాలేజీని నేను నెత్తిన పెట్టుకున్నాను, ఒప్పుకోవాలి. మా వీధిలో నాలుగు కుటుంబాలకి నేనే చెప్పి చేర్పించాను. బస్సు ఇంటి మలుపు దగ్గరికే వస్తుంది. కెమిస్ట్రీ చెప్పే మాస్టారు కరోనా రోజుల్లో పాపకి ఫోన్లో చెప్పి మరీ రికార్డు రాయించాడు. ఫీజు గవర్నమెంటు విద్యాదీవెన పథకం కింద మా ఆవిడ అకౌంట్లో విడతలుగా పడేది, పడిన వారంలోగా కాలేజీలో కట్టేసేవాళ్లం. వసతి దీవెన అనే ఇంకో పథకం కింద ఏడాదికి వచ్చే 20,000 బస్సుకీ పుస్తకాలకీ సరిపోయేది. "రూపాయి కట్టకుండా డిగ్రీ అయిపోనాది" అని షాపుకొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవాణ్ణి.

అది పూర్తిగా నిజం కాదు. మిషను సొరుగులో రసీదులన్నీ ఉన్నాయి, ఈమధ్య తీసి కూడితే తేలింది. సెమిస్టరుకోసారి పరీక్ష ఫీజు, ప్రాక్టికల్స్ ఫీజు, "స్పెషల్ ఫీజు" అని ఏడాదికి 1,500, యూనిఫారం వాళ్లు చెప్పిన షాపులోనే కొనాలి (నేను టైలర్ని, ఆ గుడ్డ చూసి నాకు ఏడుపొచ్చింది). బస్సుకి ఏడాదికి 9,000 తీసుకున్నారు. బాబు బ్యాచికి ఇంటర్న్‌షిప్పులు కూడా కలిశాయి. మొదటి ఏడాది వేసవిలో ఊళ్లో సర్వే చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకి ఖర్చేం కాలేదు. చివరి సెమిస్టరు మొత్తం ఇంటర్న్‌షిప్ అన్నప్పుడు మాత్రం "మీరే ఎక్కడో వెతుక్కోండి" అన్నారు. వాడు పట్నంలో ఒక కంప్యూటర్ సెంటరుకి 1,500 కట్టి సర్టిఫికెట్టు తెచ్చుకున్నాడు. కాబట్టి రూపాయి కట్టలేదని నా మాట విని చేర్చినవాళ్లు క్షమించాలి. కట్టాం, కాకపోతే చిల్లరగా కట్టాం గనక తెలియలేదు.

ఇక బీరువా.

బాబుకి పోలీసవ్వాలని చిన్నప్పట్నుంచీ పిచ్చి. డిగ్రీలో చేరిన కొత్తలోనే, 2022 నవంబరులో, 6,100 కానిస్టేబుల్ పోస్టుల నోటిఫికేషన్ పడింది. ఇంటర్ పాసైతే చాలు గనక పెట్టాడు. 2023 జనవరి 22న ప్రిలిమ్స్ రాశాడు, క్వాలిఫై అయ్యాడు. ఆ తర్వాత అది ఎక్కడో ఆగిపోయింది. దాదాపు రెండేళ్లు. ఫస్టియర్ కుర్రాడు ఫైనలియర్‌కి వచ్చేశాడు, దాని సంగతే మర్చిపోయాం. 2024 డిసెంబరులో ఒక రాత్రి పరిగెత్తుకుంటూ వచ్చి, "నాన్నా, గ్రౌండు పడిపోనాది, ఎచ్చెర్లలో!" అన్నాడు. జనవరి మొదటివారంలో పోలీసు మైదానంలో దేహదారుఢ్య పరీక్ష. స్టేజ్-2 దరఖాస్తు ప్రింటు, ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఒక సెట్టు అటెస్టెడ్ జిరాక్సులు తీసుకెళ్లాలి.

మర్నాడు వాడు కాలేజీలో అడిగాడు. ఒరిజినల్స్ ఇవ్వాలంటే తండ్రి రావాలన్నారు. సంక్రాంతికి ముందు టైలర్ని షాపు మూసి రమ్మనడమంటే కోతల వేళ రైతుని పెళ్లికి పిలిచినట్టు. వెళ్లాను. ఆఫీసులో గుమాస్తా, "టైలరు గారూ, తాళం కరస్పాండెంటు గారి దగ్గరుండిపోనాది, ఆయన విశాఖలో ఉన్నారు, ఎల్లుండి రండి" అన్నాడు. కరస్పాండెంటంటే కాలేజీ నడిపే యజమాని. వెనకాల బీరువా కనిపిస్తూనే ఉంది. ఆకుపచ్చ రంగు, ఒక తలుపు కిందికి జారి ఉంది. పైన క్రికెట్ కిట్టు, పాత సరస్వతి పటం.

రెండోసారి వెళ్తే కరస్పాండెంటు రాలేదు. గుమాస్తా జాలిపడి, "కస్టోడియన్ సర్టిఫికెట్ ఇచ్చేస్తాను, ఒరిజినల్స్ మా దగ్గరే ఉన్నాయని లెటర్‌హెడ్ మీద రాసి, పట్టుకెళ్లండి" అన్నాడు. బాబు స్నేహితుల్లో ఒకడు అది చెల్లుతుందన్నాడు, ఇంకొకడు గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారన్నాడు. రెండేళ్లు ఎదురుచూసిన దానికి లెటర్‌హెడ్డుని నమ్ముకుని ఎవడెళ్తాడు?

మూడోసారి పాప కూడా వచ్చింది. ఎచ్చెర్లలోనే ఒక ఆఫీసులో చేస్తోంది, పర్మిషన్ పెట్టుకుని వచ్చింది. చేతిలో ప్రింటు తీసిన కాగితాలు. కాలేజీలకి రూల్సు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2018 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషనట. చేరేటప్పుడు ఒరిజినల్స్ సరిచూసుకుని, అటెస్ట్ చేసిన కాపీలు ఉంచుకుని, అసలువి అప్పటికప్పుడే తిరిగిచ్చేయాలని అందులో స్పష్టంగా ఉంది. బకాయిలున్నాయని ఆపుకోకూడదు. ఫీజు వాపసు సంగతి కూడా అందులోనే ఉంది. చేరే ఆఖరు తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందే మానుకుంటే మొత్తం తిరిగివ్వాలి, ఖర్చుల కింద పట్టుకుంటే 5 శాతం, అదీ 5,000కి మించకుండా. ఆలస్యమయ్యే కొద్దీ వాపసు 90, 80, 50 శాతం అని తగ్గుతూ, ఆఖరు తేదీ దాటి 30 రోజులైతే ఏమీ రాదు. ఆరేళ్లలో ఈ కాగితం నాకు కాలేజీ చూపించలేదు, నేనూ అడగలేదు.

ప్రిన్సిపాల్ ఎవరనుకున్నారు? పాపకి ఫోన్లో రికార్డు రాయించిన ఆ కెమిస్ట్రీ మాస్టారే. కాగితం చదివి మడతపెట్టి పాపకే ఇచ్చేశాడు. "రూలు నాకు తెలుసమ్మా. మీ తమ్ముడివి 2023-24లో రెండు విడతలు పడలేదు. ఈ ఏడాదివీ రాలేదు. మొత్తం 12,000. మీ ఒక్కరిదే కాదు, కాలేజీ మొత్తానిదీ అంతే. మాకు జీతాలు పడి మూడు నెలలు. ఇవి కూడా ఇచ్చేస్తే పిల్లలు మళ్లీ కనిపించరని కరస్పాండెంటు గారి భయం" అన్నాడు. పాప తల దించేసుకుంది. నాకు కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. గవర్నమెంటు కట్టాల్సిన డబ్బుకి మావాడి మెమో తాకట్టు. ఆ తాకట్టుకి కాపలా మా పాప గురువు.

లైనింగు గుడ్డల షాపువాడికి ఇవ్వాల్సిన డబ్బు జేబులో ఉంది. 12,000 తీసి బల్ల మీద పెట్టాను. గవర్నమెంటు నుంచి పడగానే తిరిగిచ్చేస్తామన్నారు. రసీదు అడిగితే రసీదు పుస్తకంలో రాయకూడదట, తెల్లకాగితం మీద రాసి స్టాంపు వేశారు. దానికి తోడు ఒరిజినల్స్ వారంలో తిరిగి తెచ్చి ఇస్తానని బాబు చేత హామీపత్రం కూడా రాయించబోయారు. పాప అక్కడ మాత్రం ఊరుకోలేదు, ఆ నోటిఫికేషన్ మళ్లీ బల్ల మీద పరిచింది. మాస్టారే "వద్దులే" అన్నాడు. ఆ కాగితం వల్ల మాకు మిగిలింది అదొక్కటే.

తాళం ఎలా వచ్చిందో అడక్కండి, డబ్బు కట్టిన పావుగంటలో వచ్చింది. తలుపు తీశారు. బ్యాచివారీగా కట్టలు, ఒక్కో కట్టకి పురికొస. బాబు కవరు దొరికింది. తీస్తే అన్నీ ఉన్నాయి, టెన్త్ మెమో లేదు. మళ్లీ వెతికారు. లేదు. గుమాస్తా "ఎక్కడికి పోతాది, ఇక్కడే ఉంటాది" అంటూనే ఉన్నాడు, మొహం మాత్రం మాడిపోయింది. డిజిలాకర్‌లో తీసుకోవచ్చు కదా అని ఎవరో అన్నారు. బాబు ఏమీ మాట్లాడకుండా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. గంటన్నర తర్వాత అటెండరమ్మ పట్టింది. మా ఇంటిపేరే ఉన్న ఇంకో కుర్రాడి కవరులో ఉందది. ఆ కుర్రాడు చదువు మానేసి చెన్నై వెళ్లిపోయాడట, వాడి ఒరిజినల్స్ ఇంకా అక్కడే ఉన్నాయి.

పండగ ముందు నా షాపులో రెండొందల జాకెట్లుంటాయి. ఒక్కోదానికి చీటీ గుచ్చి, కొలతలు, పేరు, వీధి రాస్తాను. ఒకరిది ఇంకొకరికి వెళ్లిందంటే నరసన్నపేటలో నన్ను నిలబడనివ్వరు. జాకెట్టు పోతే ఇంకోటి కుట్టిస్తాను. టెన్త్ మెమో ఎవరు కుడతారు?

కాలేజీ మీద నిందంతా వేసేయలేను. గ్రౌండులో వాడి కాగితాలన్నీ సరిపోయాయి, ఎత్తు సరిపోయింది, ఛాతీ సరిపోయింది. 1600 మీటర్లు ఎనిమిది నిమిషాల్లో పరిగెత్తాలి. ఎనిమిది దాటిపోయింది, కొద్ది సెకన్లు. ఆ వారమంతా ప్రాక్టీసు మానేసి కాలేజీ చుట్టూ తిరిగాడని మా ఆవిడంటుంది. రెండేళ్లు సరిగ్గా పరిగెత్తలేదని వాడే అంటాడు. వాడి మాటే నిజమేమో.

డబ్బు విషయం: 2025లో బాబు ఫైనలియర్ అయ్యాక టీసీకి వెళ్తే, కొంత పడిందని 6,000 తిరిగిచ్చారు. మిగతా 6,000 "పడగానే ఫోన్ చేస్తాం" అన్నారు. ఇప్పుడు ఫీజు తల్లుల అకౌంట్లో కాకుండా నేరుగా కాలేజీకే వేస్తున్నారు గనక పడిందో లేదో మాకు తెలిసే దారి కూడా లేదు. తెల్లకాగితం మాత్రం సొరుగులో ఉంది, స్టాంపు కొంచెం వెలిసింది.

మరి చేర్చొచ్చా అంటే, మీ పరిస్థితిని బట్టి. మీది పల్లె అయి, ఆడపిల్లని రోజూ పంపాలి, బస్సు ఇంటి దగ్గరికి రావాలి అంటే ఇంతకంటే మంచిది నేను చూపించలేను. పాపకి ఆ మూడేళ్లు బాగా గడిచాయి, చదువు వంటబట్టింది. ఆ మాట వెనక్కి తీసుకోను. శ్రీకాకుళంలో గవర్నమెంటు డిగ్రీ కాలేజీలో సీటొచ్చి, వెళ్లిరావడానికి వీలుంటే మాత్రం అదే మొదటి ఆప్షన్‌గా పెట్టమంటాను. ఓటీపీ మీ వేళ్లతో మీరే కొట్టుకోండి. మధ్యలో పోలీసు, ఆర్మీ, రైల్వే అంటూ రాసే కుర్రాళ్లున్నవాళ్లు టీసీ తప్ప ఏ ఒరిజినల్లూ వదలకండి. టీసీ కాలేజీలో ఉండటం పద్ధతే.

మా తమ్ముడి కూతురు ఈ ఏడాది ఇంటర్ పాసైంది. మొన్న వాళ్లింటికి బండి మీద ఆ కెమిస్ట్రీ మాస్టారే వచ్చాడట. తమ్ముడు నాకు ఫోన్ చేసి ఆయనకే ఇచ్చాడు. "ఈసారి జిరాక్సులే ఇస్తాం మాస్టారూ, ఒరిజినల్స్ చూసుకుని అక్కడికక్కడే ఇచ్చేయండి" అన్నాను. ఆయన కాసేపు ఊరుకున్నాడు. తర్వాత, "కరస్పాండెంటు గారిని అడిగి చెప్తాను టైలరు గారూ" అన్నాడు. పది రోజులైంది, ఇంకా చెప్పలేదు.