మా డాబాకి వాటర్ ప్రూఫింగ్ చేయించాం, తూము దగ్గర దొరికిపోయాం

పోయినేడాది వానాకాలమంతా మా అమ్మ పొయ్యి పక్కన ఒక సత్తు గిన్నె పెట్టుకుని వంట చేసింది. స్లాబు సరిగ్గా అక్కడే కారేది మరి. విజయవాడలో మా ఇల్లు కట్టి పాతికేళ్ళు దాటింది, డాబా మీద అప్పుడు పూసిన సిమెంటు ఇక్కడి ఎండలకి నెర్రెలు విచ్చింది. ప్రతి ఏప్రిల్‌లో చల్లదనం కోసం సున్నంలో ఫెవికాల్ కలిపి కొట్టించేవాళ్ళం, నాలుగు వానలు పడితే అది కాస్తా తూములోంచి వీధిలోకి పోయేది.

సీలింగ్ ఫొటో తీసి ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టాను. ఒకడు తారు షీటు అన్నాడు, ఇంకొకడు ఏకంగా రేకుల షెడ్డు వేసేయమన్నాడు, హైదరాబాద్‌లో ఉన్నవాడు తెలంగాణలో 2023లోనే డాబాలు వేడెక్కకుండా చూసే కూల్ రూఫ్ పాలసీ వచ్చిందనీ, తెల్ల కోటింగ్ వేయిస్తే కారడంతో పాటు వేడి కూడా తగ్గుతుందనీ క్లాసు పీకాడు. ఒకప్పుడు ఈ గ్రూపులో సినిమా గొడవలు తప్ప వేరేవి ఉండేవి కావు, ఇప్పుడు పొద్దున లేస్తే పైపులు, టైల్సు, ఇన్వర్టర్ బ్యాటరీలే.

చివరికి తెల్ల కోటింగ్ వేసే ఒక సర్వీసు వాళ్ళని మే నెలలో పిలిచాం. మా ఎదురుగానే టేపు పెట్టి కొలిచారు, 900 చదరపు అడుగులు, అడుగుకి 48 రూపాయలు, మొత్తం 43,200. ఏ రోజు ఏం చేస్తారో కాగితం మీద రాసిచ్చారు, చెప్పిన టైముకి వచ్చారు, అక్కడివరకూ వంక పెట్టడానికి లేదు. వైరు బ్రష్షుతో నాచు గీకి, పంపుతో కడిగి, పగుళ్ళని కొంచెం వెడల్పు చేసి నింపి, గోడా స్లాబూ కలిసే మూలల్లో మెష్ (వలలాంటి గుడ్డ) అంటించి, ప్రైమరు (కోటింగ్ పట్టుకోవడానికి వేసే మొదటి పూత), ఆపైన రెండు కోట్లు. రెండో కోటు మొదటిదానికి అడ్డంగా కొట్టారు, అది కరెక్టే.

నచ్చనిది తొందర. సాయంత్రం కడిగి మర్నాడు పొద్దున్నే ప్రైమరు మొదలుపెట్టారు, పిట్టగోడ నీడ పడే చోట ఇంకా తడిగానే ఉంది. అదేంటంటే "ఏం కాదు సార్, ఎండ చూడండి ఎట్లా మండుతోందో" అన్నారు. జులైలో సరిగ్గా ఆ నీడ పడే చోటే అప్పడంలా బుడగలు లేచాయి.

అసలు సంగతి ఇది కాదు. మూడో రోజు మిగతా డబ్బు అడిగినప్పుడు, సైటు ఇంజనీరుగా చేస్తున్న మా ఫ్రెండు ఫోనులో "ఒరేయ్, కోటింగ్ పూర్తిగా ఆరాక తూముల్లో గుడ్డలు కుక్కి రెండు రోజులు నీళ్ళు నిలబెట్టు, అప్పటిదాకా పదివేలు ఆపు" అన్నాడు. సరే అని వారం ఆగి రెండంగుళాల నీళ్ళు నింపాం. తెల్లారేసరికి వంటింట్లో టప్, టప్. వాళ్ళేమో స్లాబులో పాత నీళ్ళు దిగుతున్నాయి, రెండు వారాలు ఆగండి అన్నారు. నేను దాదాపు నమ్మేశాను కూడా.

ఆదివారం వాడే వచ్చాడు. రెండు పెసరట్లు తిని పైకెక్కి, నీళ్ళు తీయించి, తూము పైపు చుట్టూ వేలు పెట్టి చూశాడు. పైపుకీ కాంక్రీటుకీ మధ్య వేలు దూరేంత సందు! గుడ్డ కుక్కింది పైపులో, నీళ్ళు దిగింది పైపు పక్కనుంచి. మన సర్వీసు వాళ్ళు అంచుదాకా తెల్లగా కొట్టి ఆగిపోయారు. వంటింటి సీలింగ్ మీద మరకేమో తూముకి నాలుగడుగుల ఇవతల ఉంది, నీళ్ళు స్లాబులోకి దిగేదొక చోట, బయటపడేదొక చోట అట, అందుకే మేమంతా ఇన్నాళ్ళూ పొయ్యి మీదున్న పగులునే తిట్టుకుంటూ కూర్చున్నాం.

మూడు ఫోన్లు చేశాక వచ్చారు, అదీ పదివేలు మా దగ్గరుంది కాబట్టి. పైపు చుట్టూ చెక్కి, గ్రౌటు (సందులు పూడ్చే సిమెంటు ముద్ద) నింపి, మెష్‌ని పైపు నోట్లోకి మడిచి మళ్ళీ కోటింగ్ వేశారు. మళ్ళీ నీళ్ళు నిలబెట్టాం, ఈసారి ఒక్క చుక్క లేదు. ఈ వానాకాలం సత్తు గిన్నె అటక ఎక్కింది.

వేడి సంగతి కూడా చెప్పాలి. పై గదిలో రాత్రి ఫ్యాను గాలి మునుపటిలా సెగ కొట్టడం లేదు. మధ్యాహ్నం మాత్రం డాబా మీద కళ్ళు తెరవలేం, అమ్మ వడియాలు పెట్టడానికి నా నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళింది.

ఏడేళ్ళ గ్యారంటీ అన్నారు. కాగితం వెనక చిన్న అక్షరాల్లో కుండీలు పెట్టిన చోట వర్తించదని ఉంది, ఆ లెక్కన అమ్మ తులసి కోట ఉన్నంత కాలం ఆ మూలకి గ్యారంటీ లేనట్టే.

5కి 3 ఇస్తున్నా. సరుకు మంచిదే, పని కూడా వచ్చు, కానీ పక్కన నిలబడి చూసేవాళ్ళు ఉండాలి. పిలిచేవాళ్ళు తూముల పని విడిగా రాయించుకోండి. బుడగలు లేచిన చోట గీకి మళ్ళీ వేయడానికి సంక్రాంతి అయ్యాక వస్తామన్నారు, అందుకే పదివేలల్లో ఎనిమిదే ఇచ్చాను.