వీడియో గేమ్ పిచ్చి, జూదం వ్యసనం: రెండూ ఒకటేనా?

"ఈ ఒక్క మ్యాచ్ ఆడి పడుకుంటా" అనేవాడూ, "పోయింది రాబట్టుకుని లేస్తా" అనేవాడూ అర్ధరాత్రి రెండింటికి చూస్తే ఒకేలా కనిపిస్తారు. తేడా ఉంది.

డబ్బు: జూదంలో పందెం కాయకుండా ఆటే లేదు. ఒక్క రాత్రిలో జీతమంతా పోవచ్చు, ఆ కసిలో అప్పులూ చేస్తారు. గేమ్‌లో ఎక్కువగా పోయేది టైమ్, నిద్ర.

నేర్పు: గేమ్ ఆడేకొద్దీ చెయ్యి తిరుగుతుంది. స్లాట్ మెషీన్ (డబ్బు వేసి మీట నొక్కే జూదం యంత్రం) ముందు పదేళ్లు కూర్చున్నా ఏ నేర్పూ రాదు. (పేకాటలో కొంత నేర్పు ఉంది, ఒప్పుకుంటాను.)

రెండూ కలిసేచోటు: లూట్ బాక్స్. గేమ్‌లోనే డబ్బు కట్టి ఒక పెట్టె కొంటారు, లోపల ఏముందో తెలియదు. మెరుపులు, చప్పుళ్లు, మూత నెమ్మదిగా లేస్తుంది... మళ్లీ అదే పాత తుపాకీ! ఎప్పుడు తగులుతుందో తెలియని బహుమతే మనిషిని కట్టిపడేస్తుంది. స్లాట్ మెషీన్ కిటుకూ అదే. బెల్జియం 2018లో డబ్బుతో కొనే లూట్ బాక్సులను జూదం కిందే లెక్కగట్టింది.

వైద్యుల లెక్క: ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితా ఐసీడీ-11లో రెండూ ఒకే వర్గంలో ఉన్నాయి. అయితే అదుపు తప్పి, మిగతా పనులు మూలపడి, నష్టం తెలిసినా ఆపలేని స్థితి మామూలుగా 12 నెలలు సాగితేనే గేమింగ్ రుగ్మత అంటారు. సెలవుల్లో వారం రోజులు ఆడటం అది కాదు.

ఖర్చు లేకుండా గంటలే పోతుంటే టైమ్‌కి హద్దు పెడితే చాలావరకు సరిపోతుంది. గేమ్‌లో పదేపదే డబ్బు కడుతూ, ఆ సంగతి ఇంట్లో దాస్తుంటే మాత్రం జూదంగానే చూడాలి: ముందు ఫోన్‌లో సేవ్ చేసిన కార్డు తీసేయాలి, తర్వాత మానసిక వైద్యుణ్ని కలవాలి.