తొమ్మిదేళ్ల వాడుక తరువాత 440 హెర్ట్జ్ శ్రుతిదండం: ఒక క్వయర్ డైరెక్టర్ సమీక్ష

వాద్యాల తోడు లేకుండా నాలుగు భాగాల్లో పాడే క్వయర్‌కు ఆరంభ స్వరం అందించడానికి మొదట్లో నేను పిచ్ పైప్ వాడేవాణ్ణి. ఊదే బలాన్ని బట్టి అందులో శ్రుతి కొద్దిగా మారిపోతూ ఉండడంతో విసిగి, ఉక్కు శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) కొని తొమ్మిదేళ్లయింది. 1711లో జాన్ షోర్ అనే ట్రంపెట్ వాద్యకారుడు రూపొందించిన ఈ పరికరం పలికేది ‘ఎ’ (440 హెర్ట్జ్) అనే ఒకే ఒక్క స్వరం. దీని ఇబ్బందీ, దీనివల్ల నాకు కలిగిన మేలూ రెండూ అందులోనే ఉన్నాయి.

పాట ‘డి’ ఆధార స్వరంగా ఉండే డి మేజర్‌లో ఉంటే ‘ఎ’ దాని పంచమమే కనుక, అక్కడి నుంచి ఆధార స్వరానికి దిగడం సులువు. ‘ఈ’ ఫ్లాట్ (‘ఈ’ కంటే అర్ధస్వరం తక్కువ) మేజర్‌లో ఉంటే మాత్రం ‘ఎ’ను అర్ధస్వరం పెంచి బి ఫ్లాట్ చేసుకుని, దాన్ని పంచమంగా భావించి కిందికి దిగాలి. తొలి ఏడాది ఒక కచేరీలో కంగారుపడి అర్ధస్వరానికి బదులు పూర్తి స్వరం పెంచాను. పాట ‘ఈ’ మేజర్‌లో మొదలైంది; చివరి పుటలో బి ఫ్లాట్ పాడవలసిన సొప్రానోలు (అన్నింటికంటే పై భాగం పాడేవారు) ‘బి’ అందుకోవలసి వచ్చింది. వారి ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే. అప్పటి నుంచి ప్రతి పాట మొదటి పుట మూలన ‘ఎ’ నుంచి ఆధార స్వరానికి చేరే దారిని పెన్సిల్‌తో రాసుకుంటున్నాను. రోజూ ఇలా లెక్కగట్టుకోవడం వల్ల స్వరాల మధ్య దూరాలు నా చెవిలో స్థిరపడ్డాయి. పన్నెండు స్వరాలనూ సిద్ధంగా ఇచ్చే పిచ్ పైప్ నాకు ఆ పని నేర్పలేదు.

అంతకంటే ఎక్కువగా ఇది ఉపయోగపడింది శ్రుతి జారిపోవడాన్ని పట్టుకోవడంలో. పాట పూర్తయ్యాక శ్రుతిదండాన్ని చెవి దగ్గర మోగించి చూస్తే, చాలా సాయంత్రాలు మేము అర్ధస్వరానికి దగ్గరగా దిగిపోయి ఉండేవాళ్లం. పై స్వరాలు అందకే ఇలా జరుగుతోందని నేను సొప్రానోలను తప్పుపట్టేవాణ్ణి. ఒక్కో చరణం చివర ఆపి పరీక్షించినప్పుడు, బేస్ గాయకులు (అన్నింటికంటే కింది భాగం పాడేవారు) మెట్టుమెట్టుగా కిందికి దిగే ఒక వరుసలో ప్రతి మెట్టునూ అవసరానికి మించి పెద్దగా వేస్తున్నారని తేలింది. ఆ వరుసను మాటలు లేకుండా ‘ఊ’ అనే అచ్చుతో, నెమ్మదిగా, నాలుగు రిహార్సళ్ల పాటు పాడించిన తరువాతే అది చక్కబడింది.

ఫోన్‌లోని ట్యూనర్ యాప్ ఈ పని ఇంకా సూక్ష్మంగా చేస్తుంది కదా అని కొందరు అడుగుతారు. నేనూ ఒక ఏడాది వాడి చూశాను. ఆ యాప్ పాటించే కీబోర్డు లెక్క ప్రకారం మేజర్ థర్డ్ (మేజర్ స్కేల్లో మొదటి స్వరం నుంచి మూడో స్వరానికి దూరం) 400 సెంట్లు ఉంటుంది; కీబోర్డు మీది ఒక అర్ధస్వరం వంద సెంట్లు. గొంతులు చక్కగా కలిసినప్పుడు అది సుమారు 386 దగ్గర నిలుస్తుంది. తెర మీది సూచికను నమ్మి, సరిగ్గా పాడుతున్న ఆల్టోలను (సొప్రానోల కింది భాగం పాడేవారిని) పైకి పాడమని చెప్పి, బాగున్న శ్రుతిమేళాన్ని నేనే చెడగొట్టాను.

లోపాలూ ఉన్నాయి. దీని నాదం చాలా సన్నం. వేదిక పక్కన సందడిగా ఉంటే చెవికి ఆనించినట్టు పట్టుకున్నా సరిగా వినిపించదు. బల్ల అంచు మీద కొట్టకూడదు, దండం కొమ్ములకు నొక్కులు పడితే శ్రుతి మారవచ్చు. మోకాలి మీద కొట్టడం క్షేమం. పది డిగ్రీల వేడి పెరిగితే దాదాపు అర హెర్ట్జ్ తగ్గుతుంది కానీ, క్వయర్ పనికి అది లెక్కలోకి రాదు. స్వరాల దూరాలు ఇంకా చెవికి పట్టని కొత్త డైరెక్టర్లు కొంతకాలం ఇంట్లో కీబోర్డుతో సరిచూసుకుంటూ సాధన చేసి, ఆ తరువాతే దీన్ని వేదిక మీదికి తీసుకెళ్లడం మంచిది. ఎప్పుడూ పియానోతోనే పాడించేవారికి దీని అవసరం అంతగా ఉండదు.