షెల్బీవిల్ నుంచి షెల్బీవిల్ దాకా: విస్కీ చేసే ఆడవాళ్ల ఊళ్లలో అయిదు రోజులు

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో ఒక షెల్బీవిల్ ఉంది, టెనెస్సీ రాష్ట్రంలో ఇంకో షెల్బీవిల్ ఉంది. రెండు ఊళ్లలోనూ విస్కీ డిస్టిలరీలున్నాయి, రెండిటినీ నిలబెట్టిన వాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది ఆడవాళ్లనే. 2024 అక్టోబరులో నేనూ మా తోటికోడలూ సిన్సినాటి నుంచి కారులో బయల్దేరి ఈ రెండు ఊళ్లూ, మధ్యలో ఇంకొన్నీ చూసొచ్చాం. నేను కెమికల్ ఇంజినీరింగ్ చదివాను. బట్టీ లెక్కలు పరీక్షల్లో చేశానుగానీ పనిచేస్తున్న బట్టీని దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు. మా తోటికోడలు, నేను అక్క అంటాను, మందు ముట్టదు. "వాసన చూస్తాలే, అది చాలు" అంది.

మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా అంగళ్లు మూయించినప్పుడు నేను ఎనిమిదో తరగతి. మా అమ్మ కూడా ఆ ఊరేగింపుల్లో నడిచింది. ఫోన్‌లో ఈ ప్రయాణం గురించి చెబితే, "ఏముందే ఆడ చూసేదానికి?" అని ఒక్క మాటే అంది. ఆమె కోపం నాకు అర్థమవుతుంది, అందులో న్యాయముంది. తాగుడుని నేను సమర్థించడం లేదు. కెంటకీకీ ఆ కోపం కొత్త కాదు. గొడ్డలి పట్టుకుని సారాకొట్లు పగలగొట్టిన కేరీ నేషన్ పుట్టింది ఇక్కడే, గారర్డ్ కౌంటీలో. నేను చూడాలనుకున్నది మాత్రం వేరు. ఇదంతా మగవాళ్ల పని అని ఇన్నేళ్లు నమ్మించారు కదా, అందులో ఆడవాళ్లు చేసిన పని ఎంత, ఆ పనిని ఎక్కడ ఎలా చూపిస్తున్నారు అన్నది.

మొదటి మజిలీ షెల్బీవిల్, కెంటకీ. లూయీవిల్ నుంచి అరగంట, ఐ-64 హైవే పక్కనే జెప్తా క్రీడ్ డిస్టిలరీ. జాయిస్ నెదరీ, ఆమె కూతురు ఆటమ్ కలిసి 2016లో తెరిచారు. జాయిస్ కెమికల్ ఇంజినీరు, మధ్యలో హైస్కూల్లో పాఠాలు చెప్పింది, ఇప్పుడు మాస్టర్ డిస్టిలర్, అంటే విస్కీ తయారీ అంతటికీ పెద్ద. డిస్టిలరీ ఉన్నది 64 ఎకరాల పొలంలో. వాళ్లు వాడే మొక్కజొన్న పేరు బ్లడీ బుచర్. గింజ ముదురు ఎరుపు, కందిపప్పు పొట్టుకన్నా ఎర్రగా ఉంటుంది. దిగుబడి తక్కువ అయినా పాత నాటు రకం కాబట్టి దాన్నే పట్టుకున్నారు. ఇక్కడి విస్కీ రకం బోర్బన్. ఆ పేరు అనిపించుకోవాలంటే గింజల్లో 51 శాతమైనా మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే ఊరాలి. సగానికి పైగా మొక్కజొన్నే అయినప్పుడు ఏ రకం అన్నది పెద్ద విషయమే కదా. చాలా చోట్ల దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఇక్కడ కథ పొలం నుంచే మొదలైంది. అక్క ఆ గింజల్ని అరచేతిలో పోసుకుని చాలాసేపు కదల్లేదు. ప్రయాణం మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే. బయట కూర్చోడానికి జాగా బాగుంది, జనం తక్కువ, హడావిడి లేదు.

అక్కణ్ణుంచి తూర్పుగా ఫ్రాంక్‌ఫర్ట్. రాజధాని అన్నమాటేగానీ చిన్న ఊరు. ఇక్కడ రెబెకా రూత్ అనే మిఠాయి దుకాణానికి తప్పకుండా వెళ్లండి. 1919లో ఇద్దరు బడి పంతులమ్మలు, రూత్ హాన్లీ, రెబెకా గూచ్, ఉద్యోగాలు మానేసి పెట్టారు. అమెరికాలో మద్యనిషేధం వచ్చింది, పోయింది, దుకాణం నిలిచింది. 1938లో రూత్ చేసిన బోర్బన్ బాల్ అనే చాక్లెట్ ఉండ ఇప్పుడు రాష్ట్రమంతా దొరుకుతుంది. తినే ముందు గుర్తుంచుకోండి, అందులో నిజంగానే బోర్బన్ ఉంటుంది. పిల్లలకి ఇవ్వకండి.

ఈ ఊళ్లోనే ఉన్న కెంటకీ హిస్టారికల్ సొసైటీ దగ్గర ఒక పాత కాగితం ఉంది. 1818లో కేథరిన్ కార్పెంటర్ అనే విధవరాలు కేసీ కౌంటీలో తన చేత్తో రాసుకున్న విస్కీ తయారీ పద్ధతి అది. సవర్ మాష్ పద్ధతిని కాగితం మీద పెట్టిన తొలి రాతల్లో ఇదొకటి. ఒక విడత బట్టీ దించాక మిగిలిన పుల్లని నీటిలో కొంత తీసి తర్వాతి విడత జావలో కలపడమే సవర్ మాష్. ఇది చెప్పగానే "పెరుగుకి తోడెయ్యడమేగా" అంది అక్క. ఆలోచన అదే, తేడా ఒక్కటి ఉంది. తోడులో బతికున్న బాక్టీరియా పని చేస్తుంది. ఈ మిగులు అప్పటికే బట్టీలో మరిగి ఉంటుంది కాబట్టి అది తెచ్చేది పులుపు మాత్రమే. ఆ పులుపుకి అక్కర్లేని బాక్టీరియా అణుగుతుంది, ఈస్ట్ హాయిగా పెరుగుతుంది, ప్రతి విడతా ఒకేలా వస్తుంది. ఈరోజు కెంటకీలో దాదాపు అందరూ చేసేది ఇదే. భర్త పోయాక పిల్లల్ని సాకుతూ బట్టీ నడిపిన ఒక మనిషి దాన్ని జాగ్రత్తగా రాసి పెట్టుకుంది. ఆమె పేరు సీసాల మీద వెతికితే కనపడదు. నాకు కడుపులో దేవినట్టయింది.

మర్నాడు వర్సేల్స్ ఊరి దగ్గర వుడ్‌ఫర్డ్ రిజర్వ్. దారి సన్నం, రెండు పక్కలా రాతి గోడలు, గుర్రాల పొలాలు. కారు మెల్లగా పోనివ్వండి, ఆ దారే సగం అందం. సున్నపురాతి కట్టడాలు, పొడవాటి రాగి బట్టీలు. ఇక్కడ మాస్టర్ డిస్టిలర్ ఎలిజబెత్ మెక్‌కాల్, 2023లో ఆ స్థానానికి వచ్చింది. ఆమె చదివింది సైకాలజీ. 2009లో రుచి, వాసన పరీక్షించే విభాగంలో చిన్న ఉద్యోగంతో చేరింది. వాళ్ల అమ్మ కూడా ఇదే పరిశ్రమలో పనిచేసింది. ముక్కుతో చేసే పనిని చిన్నచూపు చూసేవాళ్లకి ఇది చెప్పాలి. పీపా మంచిదా కాదా అన్నది చివరికి తేల్చేది ముక్కే. ఇక్కడ టిక్కెట్లు వారాల ముందే అయిపోతాయి, కాబట్టి ముందే బుక్ చేసుకోండి.

అదే రోడ్డు మీద కొద్ది దూరంలో కాసిల్ అండ్ కీ. 1887లో కర్నల్ టేలర్ అనే విస్కీ వ్యాపారి కట్టించిన కోట లాంటి డిస్టిలరీ. 1972 నుంచి పాడుబడి ఉన్న ఈ చోటికి 2015లో మేరియాన్ ఈవ్స్ మాస్టర్ డిస్టిలర్‌గా వచ్చింది. మద్యనిషేధం తర్వాత కెంటకీలో ఆ హోదా అందుకున్న తొలి మహిళగా పేరు తెచ్చుకుంది. తనూ కెమికల్ ఇంజినీరే. 2019లో వెళ్లిపోయింది. తాళం చెవి కన్నం ఆకారంలో ఉన్న నీటి మడుగు, తోటలు చూడ్డానికి ఒక సాయంత్రం చాలదు. విస్కీ మీద ఆసక్తి లేనివాళ్లని తీసుకెళ్లాల్సి వస్తే ఇక్కడికే తీసుకెళ్లండి.

ఒక చేదు అనుభవం కూడా చెప్పాలి. ఒకచోట, పేరు వద్దు, గైడ్‌ని నేను ఈస్ట్ గురించి ఒక ప్రశ్న అడిగితే అతను జవాబు నా పక్కనున్న మగాయనకి చెప్పాడు. రెండోసారి అడిగినా అంతే. ఆయనకి ఈస్ట్ గురించి ఏమీ తెలియదు. పైగా చివర్లో "ఆడవాళ్లకి ఇది తియ్యగా బాగుంటుంది" అంటూ ఒక గ్లాసు మా వైపు జరిపాడు. అక్క దాన్ని వెనక్కి జరిపింది. ఇలాంటి చోట్ల ఊరుకోవద్దు. మేం ఇంటికొచ్చాక వాళ్లకి వివరంగా రాశాం.

రెండు రాత్రులు బార్డ్స్‌టౌన్‌లో ఒక పాత ఇంట్లో బస చేశాం. శాకాహారులమని ముందే చెప్పడంతో ఇంటావిడ పొద్దున్నే మొక్కజొన్న రవ్వతో గ్రిట్స్ చేసి పెట్టింది. అచ్చం మన రవ్వ జావే, మీద వెన్న. రెండు రోజులూ అదే అడిగి తిన్నాం. డిస్టిలరీలు తిరగడానికి ఒకరోజు వ్యాన్ మాట్లాడుకుంటే అది ముప్పావుగంట లేటు. టూర్ టైం దాటిపోతుందేమోనని టెన్షన్. అయినా వ్యాన్ మాట్లాడుకోవడమే మేలు. రుచి చూసేవాళ్లు స్టీరింగ్ పట్టుకోకూడదు. తాగకుండా ఉమ్మేయడానికి కప్పు అడిగితే ఇస్తారు, మొహమాటపడకండి.

బార్డ్స్‌టౌన్ నుంచి లొరెట్టో దగ్గర. మేకర్స్ మార్క్ ఉన్నది అక్కడే. బిల్ శామ్యూల్స్, మార్జీ శామ్యూల్స్ దంపతులు 1953లో ఆ చోటు కొన్నారు, మొదటి సీసా 1958లో వచ్చింది. ఆ పేరు మార్జీ పెట్టిందే. పాత ప్యూటర్ (తగరం ఎక్కువగా ఉండే మిశ్రలోహం) పాత్రలు సేకరించేది ఆవిడ. మంచి పనివాడు తను చేసిన పాత్ర అడుగున వేసుకునే గుర్తే మేకర్స్ మార్క్. సీసా ఆకారం ఆవిడది, అక్షరాలు ఆవిడవి, మూత మీదుగా కారే ఎర్ర లక్క ఆవిడది. ఆ లక్కని మొదట కాచింది తన వంటింటి ఫ్రయ్యర్‌లో. దీన్నంతా "ప్యాకింగ్" అని తేలిగ్గా తీసేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆవిడ కెమిస్ట్రీలో డిగ్రీ చేసిన మనిషి, లక్క ఎంత వేడికి కరగాలో, చల్లారాక ఎలా పట్టుకోవాలో వంటింట్లోనే తేల్చింది. డిస్టిలరీ చూడ్డానికి జనం రావాలి, అందంగా ఉండాలి అని పట్టుబట్టిందీ ఆవిడే. ఈరోజు కెంటకీలో మనం టిక్కెట్టు కొని తిరిగే ఈ యాత్రలకి మొదలు అక్కడుంది. డిస్టిలరీ తరఫున కెంటకీ బోర్బన్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఒక మహిళ రావడానికి 2014 దాకా పట్టింది, ఆ మహిళ ఈవిడే. సీసా కొంటే మన చేత్తోనే లక్కలో ముంచుకోవచ్చు. అక్క ముంచిన సీసాకి లక్క నాలుగు ధారలుగా సమానంగా దిగింది. వడియాలు పెట్టిన చెయ్యి మరి.

చివరి రోజు టెనెస్సీ. నాష్‌విల్ దగ్గరికొచ్చేసరికి గడియారం ఒక గంట వెనక్కి పోతుంది, టూర్ బుక్ చేసేటప్పుడు చూసుకోండి. 

రెండో షెల్బీవిల్‌లో ఉన్నది నియరెస్ట్ గ్రీన్ డిస్టిలరీ. టెనెస్సీలో పేరుమోసిన విస్కీ కంపెనీ పెట్టిన జాక్ డేనియల్‌కి విస్కీ చేయడం నేర్పిన నియరెస్ట్ గ్రీన్ బానిసగా బతికిన నల్లజాతి మనిషి. ఆయన కథ వెలికితీసి, 2017లో అంకుల్ నియరెస్ట్ పేరుతో విస్కీ తెచ్చింది ఫాన్ వీవర్. ఆ విస్కీల పాళ్లు కలిపేది విక్టోరియా ఈడీ బట్లర్, ఆయన మునిమనవరాలి కూతురు. అంతకుముందు ముప్పై ఏళ్ల పైగా నేర పరిశోధన సమాచార విభాగంలో పనిచేసింది. 2021లో, 2022లో వరసగా మాస్టర్ బ్లెండర్ ఆఫ్ ద ఇయర్ అవార్డు అందుకుంది. ఇక్కడి పద్ధతిలో బట్టీ దించిన సారాన్ని షుగర్ మేపుల్ బొగ్గు గుండా వడకడతారు. బొగ్గు దాటకముందుదీ దాటాకదీ వాసన చూస్తే తేడా చెప్పగలరా అని అక్కని అడిగాను. కళ్లు మూసుకుని రెండూ చూసి, "మొదటిది పచ్చి, రెండోది మగ్గింది" అంది. సరిగ్గానే చెప్పింది.

మేం వెళ్లొచ్చాక, 2025 ఆగస్టులో, అప్పుల కేసులో కోర్టు ఈ కంపెనీకి రిసీవర్‌ను, అంటే కంపెనీ వ్యవహారాలు చూసే మనిషిని, పెట్టింది. ఆ వార్త చదివి చాలా బాధపడ్డాను. కాబట్టి వెళ్లాలనుకునేవాళ్లు ముందు ఫోన్ చేసి తెరిచి ఉందో లేదో కనుక్కోండి. జిపిఎస్‌లో షెల్బీవిల్ అని కొట్టేటప్పుడు రాష్ట్రం పేరు కూడా చూసుకోండి. ఒక షెల్బీవిల్ నుంచి ఇంకో షెల్బీవిల్‌కి దాదాపు నాలుగు గంటల ప్రయాణం.